లేడు అన్నానంతే

టీచరుగారు దుకాణంలోకి వచ్చి, కంటి పరీక్షకి కూర్చుని, అద్దాలమ్మ చేయి పట్టుకుని, "మీ వారి సంగతి తెలిసిందమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న దగ్గర కిందటి వారం మనం ఆగాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. అద్దాలమ్మ అసలు పేరు అది కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది కనుక ఇంటిగలవాళ్ళ పిల్లలు అలా పిలవడం మొదలుపెట్టారు, ఇప్పుడు వీధి వీధంతా అదే పిలుపు. భర్త సైన్యంలో ఉన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పెట్టెలు సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం. పెద్దపిల్ల ఏ బడిలోనూ కుదురుగా చదవలేదని, ఈసారి ఆయన్ని మంచుకొండల మీద కాపలాకి వేసినప్పుడు క్వార్టర్లు ఖాళీ చేసి ఈ ఊళ్ళో మేడమీది వాటా అద్దెకు తీసుకున్నారు. ఆయనే దగ్గరుండి సామాను దింపించి, కూతుర్ని ఏడో తరగతిలో చేర్పించి, కొండలకు వెళ్ళిపోయాడు. ఇంట్లో ఇప్పుడు మిగిలింది అద్దాలమ్మ, అత్తగారు, తండ్రి 'పిచ్చుకా' అని పిలుచుకునే ఆ కూతురు, ఇంకా బడి మొహం చూడని బుడ్డోడు. ఆదివారం పొద్దున ఆయన ఫోను వస్తుంది. ఆయన వెళ్ళిన కొత్తలో తప్ప పిచ్చుక ఒక్కసారైనా ఆ ఫోను చెవిన పెట్టుకోలేదు. తలనొప్పి అంటుంది, స్నానానికి పోతున్నా అంటుంది, అప్పటికప్పుడు హోంవర్కు గుర్తొస్తుంది. వదిలేసి వెళ్ళాడని తండ్రి మీద అలిగింది కాబోలు అనుకుంది తల్లి.

ఇక దుకాణంలోకి వెళదాం.

'మీ వారి సంగతి' అన్న మాట చెవిన పడగానే అద్దాలమ్మ చేతిలోని ఫ్రేము జారి గాజు కౌంటరు మీద పడింది. తీయడానికి ఆమె వంగలేదు.

సైన్యంలో ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఆ కబురు ఎలా వస్తుందో ఆమెకు తెలుసు. క్వార్టర్లలో ఉన్నప్పుడు, వేళకాని వేళ ఆఫీసు జీపు వచ్చిందంటే వంటింటి కిటికీల వెనక ఆడవాళ్ళందరూ పట్టుకున్న గరిటె పట్టుకున్నట్టే నిలబడిపోయేవారు. జీపు ఏ గుమ్మం ముందు ఆగుతుందా అని చూసేవారు. తమ గుమ్మం దాటిపోతే 'హమ్మయ్య' అనుకుని, ఆ వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గుపడేవారు. ఆ కబురు ఫోనులో రాదు. యూనిఫారంలో ఇద్దరు మనుషులు వచ్చి, టోపీ తీసి, చెప్పి వెళతారు. మరి తన దగ్గరికి ఎవరూ రాలేదే! పాత క్వార్టరుకు వెళ్ళి, తాళం చూసి, అక్కడ ఎవరో చెబితే పిల్ల బడికి వెళ్ళారా? ఊరంతటికీ తెలిశాక తనకు తెలుస్తోందా?

"ఎప్పుడు?" అంది.

టీచరుగారు తెల్లబోయింది. కంటి పరీక్ష కోసం తగిలించిన గుండ్రటి ఫ్రేము ఇంకా ఆవిడ ముక్కు మీదే ఉంది. అందులోని లావుపాటి అద్దాల వెనక ఆవిడ కళ్ళు రెండింతలై కనిపిస్తున్నాయి. "ఎప్పుడంటే... మీకు తెలియనిదా అమ్మా! మీ పాప బడి తెరిచిన కొత్తలోనే చెప్పింది. మా అమ్మ ముందు మాత్రం ఎవరూ ఎత్తొద్దు, ఏడుస్తుంది అంది. అందుకే ఇన్నాళ్ళూ మిమ్మల్ని కదిలించలేదు."

"బడి తెరిచిన కొత్తలోనా?"

"అవునమ్మా. పాపం, చేర్పించడానికి ఆయనే వచ్చారు కూడా. నేను చూశాను. ఎంత నిండైన మనిషి!"

బడి తెరిచిన కొత్త. ఆ మాట అద్దాలమ్మ తలలోకి దిగడానికి కాసేపు పట్టింది. బడి తెరిచి ఎన్ని ఆదివారాలు గడిచాయి! మొన్నటి ఆదివారమే కదా, బుడ్డోడికి జలుబు తగ్గిందా, మేడమెట్ల దగ్గర బల్బు మార్పించావా అని ఆయన అడిగింది! బల్బు సంగతి ఇంకా తేల్చలేదని కోప్పడింది కూడా!

అద్దాలమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో కూలబడింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో ఆమెకే తెలియదు. దుకాణం పెద్దాయన లోపలి గదిలోంచి పరుగున వచ్చి, "అమ్మాయ్, ముందు ఈ నీళ్ళు తాగు" అని గ్లాసు చేతిలో పెట్టాడు. దుఃఖంతో మనిషికి మతి చలించిందేమోనని టీచరుగారు రెండడుగులు వెనక్కి వేసింది.

"టీచరుగారూ," అంది అద్దాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "మా ఆయన బతికే ఉన్నారండీ. నిక్షేపంలా ఉన్నారు. మొన్న కూడా ఫోనులో నన్ను తిట్టారు."

టీచరుగారు మెల్లిగా ఆ పరీక్ష ఫ్రేము తీసి కౌంటరు మీద పెట్టింది. ఆవిడ ముఖంలో ముందు సంతోషం, వెనకే అనుమానం, ఆ వెనకే ఎర్రటి కోపం వచ్చాయి.

"అంటే నేను... క్లాసు క్లాసంతా లేచి నిలబడమన్నానమ్మా! మీ వారి కోసం అందరిచేతా మౌనం పాటింపజేశాను. మీ పిల్ల కూడా నిలబడింది. తల వంచుకుని మరీ నిలబడింది. ఏడో తరగతి పిల్లకి అంత గుండె ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

బతికున్న తండ్రి కోసం మౌనంగా నిలబడ్డ కూతురు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"ఇవాళ ఎందుకొచ్చానో తెలుసా? కళ్ళజోడు ఒక సాకు," అంది టీచరుగారు. "శుక్రవారం బడి వార్షికోత్సవం. దేశం కోసం ప్రాణాలిచ్చిన వీరుడి కుటుంబమని మిమ్మల్నీ పిల్లనీ వేదిక మీదికి పిలవాలని హెడ్మాస్టరుగారి ఆలోచన. మిమ్మల్ని ఒప్పించమని నన్ను పంపారు."

"అమ్మో! వద్దండీ!"

"వద్దని నేనిప్పుడు వెళ్ళి ఆయనతో ఏమని చెప్పను? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అద్దాలమ్మ లేచి నిలబడింది. "నాకు సోమవారం దాకా టైమివ్వండి టీచరుగారూ. నేనే దాన్ని వెంటబెట్టుకుని వస్తాను. దాని నోటితోనే చెప్పిస్తాను. మీ తప్పేం లేదని హెడ్మాస్టరుగారితో నేను చెప్తాను. అంతవరకూ దాన్ని ఏమీ అనకండి. తల్లిగా అడుగుతున్నాను."

టీచరుగారు బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఆగింది. "నాకు కోపంగానే ఉంది. దాచుకోను. కానీ ఒకటి చెప్పాలి. చేరిన కొత్తలో మీ పిల్ల చూపు పుస్తకం మీద ఉండేది కాదు. ఎప్పుడూ తలుపు వైపే. బయట అడుగుల చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది. ఆ మాట చెప్పిన మర్నాటి నుంచి తలుపు వైపు చూడటం మానేసింది. లెక్కల్లో ఇప్పుడు క్లాసులో ముందుంది. తండ్రి పోయిన పిల్ల ఇంత త్వరగా ఎలా తేరుకుందా అని నేనే ఆశ్చర్యపోయాను. దీని అర్థమేమిటో నాకు తెలీదమ్మా. మీరే కనుక్కోండి."

*

పొద్దు వాలుతుండగా అద్దాలమ్మ ఇల్లు చేరింది. దారి పొడుగునా కూతుర్ని ఎన్ని మాటలు అనాలో అన్నీ మనసులో కూడబెట్టుకుంది. చెంప పగలగొట్టాలని కూడా అనుకుంది. ముందుగదిలో అత్తగారు బుడ్డోడికి అన్నం పెట్టే యుద్ధంలో ఉన్నారు. వాడు బల్ల కింద దూరి కోటలోంచి రానంటున్నాడు.

"పిచ్చుకేదీ అత్తయ్యా?"

"డాబా మీద. ఆరేసిన దుప్పట్లు తెస్తానని వెళ్ళి గంటైంది. ఏమే, ముఖమేంటి అలా ఉంది?"

"ఏం లేదు. ఎండకి."

డాబా మీద పిచ్చుక తీగ మీది దుప్పట్లను లాగుతోంది. తల్లిని చూసి ఒక కొస చేతికిచ్చింది. రోజూ చేసే పనే. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని, దులిపి, మడిచి, దగ్గరికి నడిచి కొసలు కలపాలి. మళ్ళీ దూరం వెళ్ళాలి.

"మీ టీచరుగారు దుకాణానికి వచ్చింది," అంది తల్లి.

పిచ్చుక చేతిలోని కొసలు జారిపోయాయి. దుప్పటి నేల మీద పడింది.

"మీ నాన్న పోయాడన్నావా?"

"అనలేదు."

"అబద్ధాల మీద అబద్ధాలా! క్లాసంతా మౌనంగా నిలబడిందట కదే! నువ్వూ నిలబడ్డావట! ఆ నోరు ఎలా వచ్చిందే నీకు? కన్నతండ్రిని..." అద్దాలమ్మ చేయి లేచింది. పిచ్చుక తప్పుకోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, దెబ్బ కోసం చెంప అప్పగించినట్టు నిలబడింది. ఆ నిలబడటం చూసి తల్లి చేయి గాలిలోనే ఆగిపోయింది.

"నేను పోయాడని అనలేదమ్మా," అంది పిచ్చుక, కళ్ళు తెరవకుండానే. "మీ నాన్నగారు ఏం చేస్తారు అని టీచర్ అడిగింది. మిలిటరీలో అన్నాను. ఇప్పుడు ఇక్కడే ఉన్నారా అంది. లేడు అన్నాను. అంతే. లేడు అన్నానంతే. ఇంట్లో లేడు, ఊళ్ళో లేడు, అదే కదా నిజం. క్లాసంతా ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోయింది. టీచర్ వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. అప్పుడు అర్థమైంది నాకు, వాళ్ళు ఏమనుకున్నారో."

"అర్థమయ్యాక కాదని చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నా. చెప్పలేదు సరికదా, నీ ముందు ఎత్తొద్దని కూడా అన్నాను."

"మరి?"

పిచ్చుక దుప్పటి మీద కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "హాయిగా అనిపించిందమ్మా," అంది చాలా చిన్నగా.

ఇలాంటి జవాబు వస్తుందని అద్దాలమ్మ అనుకోలేదు. తండ్రి మీద కోపం అంటుందనుకుంది, అందరూ జాలిపడితే బాగుందంటుందనుకుంది. వాటన్నిటికీ తన దగ్గర తిట్లు సిద్ధంగా ఉన్నాయి. దీనికి ఏ తిట్టూ లేదు. ఆమె కూడా కూతురి పక్కన చతికిలబడింది.

"హాయి ఏమిటే?"

"పాత బడిలో పొడుగుజడ గుర్తుందా నీకు?"

గుర్తులేకేం! పక్క క్వార్టరు పిల్ల. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే టిఫిను డబ్బా. జీపు ఆ ఇంటి ముందు ఆగిన రోజు అద్దాలమ్మ కూడా తన కిటికీ వెనకే ఉంది.

"ఆ రోజు సైన్సు క్లాసు. అటెండరు తలుపు దగ్గరికొచ్చి దాని పేరు పిలిచాడు. ఫీజు కోసమేమో అనుకుని అది నవ్వుకుంటూ లేచింది. అప్పుడు అటెండరు, బ్యాగు కూడా తెచ్చుకోమ్మా అన్నాడు. నేనే దాని పుస్తకాలు సర్ది ఇచ్చానమ్మా. రేపు కలుద్దాం అని కూడా చెప్పాను." పిచ్చుక దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "మళ్ళీ అది రాలేదు. అప్పట్నుంచీ అటెండరు ఎప్పుడొచ్చినా నా చేయి బ్యాగు మీదికి పోతుంది. ఈ బడిలో కూడా అంతే. పాఠం వినపడదు. ఇప్పుడు నా పేరు పిలుస్తాడు, బ్యాగు తెచ్చుకోమంటాడు అనే ఉంటుంది. లేడు అన్నాక... ఇంక నాకు ఎవరూ వచ్చి చెప్పాల్సింది ఏం లేదు కదా. అయిపోయింది కదా. అటెండరు వస్తే వచ్చాడు."

తీగ మీద మిగిలిన దుప్పటి గాలికి ఉబ్బి, మళ్ళీ సర్దుకుంది. అద్దాలమ్మ కూతురి తల తన ఒళ్ళోకి లాక్కుంది. ఇన్నాళ్ళూ పక్కనే పడుకుంటున్న పిల్ల. జ్వరం వస్తే చేయి వేయకుండానే కనిపెట్టేది తను. ఊరంతటి చూపుకీ అద్దాలు బిగించే మనిషికి ఇంట్లో పిల్ల భయం కనబడలేదు.

"అందుకేనా ఫోను పట్టుకోనిది?"

పిచ్చుక ఒళ్ళోనే తలాడించింది. "నాన్న గొంతు వింటే మళ్ళీ ఉన్నట్టే కదా. మళ్ళీ మొదలవుతుంది."

అద్దాలమ్మ కూతురి జుట్టులో వేళ్ళు పెట్టి చిక్కులు తీస్తూ ఉండిపోయింది. తర్వాత అంది: "నేను తలుపు వెంటనే ఎందుకు తీయనో తెలుసా? ఎవరూ అని లోపల్నుంచి అరుస్తాను కదా. మీ నానమ్మ చాదస్తం అంటారు. గొంతు కోసం కాదు. బయట ఎన్ని బూట్లున్నాయో వింటాను."

పిచ్చుక తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. "నీకూ భయమా?"

"భయం కాకపోతే ఏమిటి! మీ నాన్న ముందు చెప్పను. పులిలా తిరుగుతాను. ఆయన రైలెక్కాక స్టేషను బాత్రూములో ఏడ్చి, ముఖం కడుక్కుని వస్తాను."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు చెప్పావా నాకు?"

పిచ్చుకకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇద్దరూ ఆ దుప్పటి మీదే కూర్చుని, ఒకే కొంగుతో ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. ఉతికిన దుప్పటి మళ్ళీ ఉతకాల్సి వచ్చిందని అద్దాలమ్మ తర్వాత గ్రహించింది.

మెట్ల దగ్గర అలికిడైంది. బుడ్డోణ్ణి చంకనేసుకుని అత్తగారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి విన్నారో! "నా కొడుకుని... బంగారం లాంటి నా కొడుకుని..." అంటూ మనవరాలి మీదికి వచ్చారు. వచ్చిన మనిషి తిట్టలేదు, కొట్టలేదు. బుడ్డోణ్ణి కింద దింపి, పిచ్చుక ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇంత బరువు ఒక్కదానివే మోశావటే, పిచ్చి మొహమా! నానమ్మకి చెప్పకూడదూ?" అన్నారు. ఆ వెంటనే, "ముందు కిందికి పద. ఆ నోరు సబ్బు పెట్టి కడుగుతాను" అని కూడా అన్నారు.

"సోమవారం బడికి వస్తాను నీతో," అంది తల్లి. "క్లాసులో నువ్వే చెప్పాలి. మా నాన్న బతికే ఉన్నాడు, నేను దిద్దకుండా ఊరుకున్నాను అని."

"నవ్వుతారమ్మా."

"నవ్వనీ. నేనుంటాగా పక్కన. ఇంకోటి. రేపు నాన్న ఫోను నువ్వే ఎత్తాలి. ఆయనకి నువ్వే చెప్పాలి."

పిచ్చుక కింది పెదవి కొరుక్కుంది. చివరికి, "సరే. ఇంక ఎవరికీ అబద్ధం చెప్పను," అంది.

*

ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరికీ కాళ్ళు నిలవలేదు. అత్తగారు తలదువ్వుకుని వచ్చి కూర్చున్నారు, కొడుకు ఫోనులోంచి చూస్తాడన్నట్టు. అక్కడ సిగ్నలు అంతంతమాత్రం, మాట వస్తే అదే పదివేలు. బుడ్డోడు కొత్తగా నేర్చుకున్న సెల్యూట్ ఎడమచేత్తో కొడుతున్నాడు. ఫోను మోగింది. పిచ్చుక తల్లి వైపు చూసి, గట్టిగా ఊపిరి పీల్చి, ఎత్తింది.

"నాన్నా, నేను."

"పిచ్చుకా! నా పిచ్చుకే? ఎన్నాళ్ళకే తల్లీ!" ఆ గొంతులో సంతోషం గదంతా వినబడింది. అత్తగారు కళ్ళొత్తుకున్నారు.

పిచ్చుక ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు గబగబా చెప్పేసింది. టీచరు అడగడం, లేడు అనడం, దిద్దకుండా ఊరుకోవడం, అటెండరు, బ్యాగు, అన్నీ. చెబుతూ కిటికీ దగ్గరికి నడిచింది. చివర్న, "తిట్టు నాన్నా, తిట్టించుకుంటాను," అంది.

ఆయన తిట్టలేదు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "నేనిప్పుడు కొండ మీద లేను పిచ్చుకా" అన్నాడు. పిచ్చుక వీపు బిగుసుకుంది. "మరి ఎక్కడున్నావ్?" అంది, తనూ గొంతు తగ్గించి.

"ఆసుపత్రిలో. కొండ దిగి చాలా రోజులైంది తల్లీ," అన్నాడు ఆయన. "భయపడకు. ప్రాణానికేం లేదు. నువ్వు అంత ధైర్యంగా నిజం చెప్పాక నీ దగ్గర దాచబుద్ధి కాలేదు. కానీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. తట్టుకోలేదు. టైము చూసి నేనే చెప్తా. మన ఇద్దరి మధ్యే ఉండాలి. సరేనా?"

"ఏమంటున్నారే?" అంది అద్దాలమ్మ వెనక నుంచి. "బాగా తిట్టారా? ఇటివ్వు, నేను సర్ది చెప్తాను."

పిచ్చుక వెనక్కి తిరిగింది. తల్లి చేయి చాచి నవ్వుతోంది. చాలా రోజుల తర్వాత కళ్ళతో సహా నవ్వుతోంది. నానమ్మ నవ్వుతోంది. బుడ్డోడు సెల్యూట్ కొట్టిన చేయి దింపకుండా తన వంతు కోసం చూస్తున్నాడు. చెవిలో నాన్న, "సరేనా పిచ్చుకా? పిచ్చుకా?" అంటూనే ఉన్నాడు.

"నాన్నా," అంది పిచ్చుక. ఆ గొంతులో ఏముందో, తల్లి ముఖంలోని నవ్వు ఉన్నచోటే నిలిచిపోయింది. "దాచుకోవడం నాకు అచ్చిరాలేదు. నీకూ వద్దు. అమ్మ నువ్వు అనుకున్నంత పిరికిది కాదు. నువ్వే చెప్పు."

ఫోను తీసుకెళ్ళి తల్లి చేతిలో పెట్టింది. పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతోనూ పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఏమండీ? ఏం చెప్పాలి? ఏమంటోంది ఇది?"

అవతల ఎక్కడో దూరంగా చక్రాల బల్ల నేల మీద దొర్లుతున్న చప్పుడు. అది కొండ మీద వినిపించే చప్పుడు కాదు.

"నువ్వు ముందు కూర్చో," అన్నాడు ఆయన.